స్టాఫ్, క్రూ, గ్యాంగ్: ఎక్కడ ఏది వాడాలి

కావలి, ఒంగోలు నుంచి ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలకు ఒక చిట్కా. మనవాళ్లు చాలామంది ‘త్రీ స్టాఫ్స్’ అనేస్తుంటారు. స్టాఫ్ అంటే ఒక చోట పనిచేసే వాళ్లందరూ కలిపి. ఒక్కరైతే ‘స్టాఫ్ మెంబర్’, ముగ్గురైతే ‘త్రీ స్టాఫ్ మెంబర్స్’ అనాలి. వేర్వేరు సంస్థల సిబ్బంది గురించి చెప్పేటప్పుడు ‘స్టాఫ్స్’ తప్పు కాదు గానీ, ఆ అవసరం అరుదు. రెజ్యూమె పంపే ముందు ఆ మాట ఎక్కడుందో ఒకసారి వెతికి చూసుకోండి.

క్రూ కూడా అంతే, ఒక్క మనిషి ‘క్రూ మెంబర్’. కృష్ణపట్నం రేవుకొచ్చే ఓడలో పనిచేసేవాళ్లు, రైలు నడిపే లోకో పైలట్, అసిస్టెంట్ లోకో పైలట్ క్రూ అవుతారు. ఆఫీసులో లెక్కలు రాసేవాళ్లు టీమ్.

గ్యాంగ్‌తో మాత్రం జాగ్రత్త. బిట్రగుంట లాంటి రైల్వే ఊళ్లలో అది గౌరవమైన మాటే. మండుటెండలో పట్టాల వెంట నడుస్తూ, వదులైన బోల్టులు బిగించే గ్యాంగ్‌మెన్ వల్లే కదా మనం రైల్లో నిశ్చింతగా నిద్రపోతున్నాం! కానీ ఇంటర్వ్యూలో ‘మై గ్యాంగ్’ అంటే వినేవాళ్లకు రౌడీమూక గుర్తొస్తుంది. అక్కడ ‘మై టీమ్’ అనండి.