డ్రై క్లీనింగ్ మెషిన్ నడపడం, 5వ పాఠం: ముల్లు చల్లగానే ఉంది, బట్టలే వాసన

ఈసారి స్టిల్ గురించి, అంటే వాడిన సాల్వెంట్‌ని (బట్టల మురికి వదిలించే ద్రవాన్ని) మరిగించి శుద్ధి చేసే పాత్ర గురించి చెప్పుకోవాలి. దాన్ని 6వ పాఠానికి నెట్టేస్తున్నాను. పోయిన పాఠంలో కండెన్సర్ (సాల్వెంట్ ఆవిరిని చల్లబరచి ద్రవంగా మార్చే భాగం) దాటి వచ్చే గాలి ఎంత చల్లగా ఉందో చూసి రాయమన్నాను కదా, మీరు పంపిన పట్టికలు చూశాక ముందుకెళ్లబుద్ధి కాలేదు. చాలా పట్టికల్లో రోజూ 3 డిగ్రీలు, 4 డిగ్రీలు. చూడముచ్చటగా ఉన్నాయి. కిందనే అదే చేతిరాతలో “బట్టల్లో సాల్వెంట్ వాసన పోవడం లేదు, ఏం చెయ్యాలి?” అని ప్రశ్న!

ముందు తేలిక సంగతి. కొందరు మెషిన్ ఖాళీగా ఉన్నప్పుడు చూశారు, కొందరు ఆరబెట్టడం మొదలవగానే చూశారు. వేడి గాలి తగలకపోతే కండెన్సర్ కాయిల్ చల్లగా ఉండటంలో వింతేముంది? చూడాల్సింది కూల్‌డౌన్ (ఆరబెట్టాక బట్టల్ని చల్లబరచే దశ) చివర్లో, ఫ్యాన్ ఇంకా తిరుగుతుండగా, తలుపు తెరవబోయే ముందు. అప్పుడు 7.2 డిగ్రీల సెల్సియస్‌కి మించకూడదు. ఈ దశాంశం ఎందుకొచ్చిందని ఒకరు అడిగారు. పెర్క్ (పెర్క్లోరోఇథిలీన్ అనే సాల్వెంట్) వాడే డ్రై క్లీనర్ల కోసం అమెరికా పర్యావరణ సంస్థ 1993లో తెచ్చిన నిబంధనల్లో 45 డిగ్రీల ఫారెన్‌హీట్ అని ఉంది, సెల్సియస్‌లోకి మారిస్తే ఇలా వస్తుంది. ఇంకొందరు కంప్రెసర్ పక్కనున్న గేజి చదివి రాశారు. అది రిఫ్రిజరెంట్ గ్యాస్ సంగతి చెబుతుంది. మనకు కావాల్సింది గాలి సంగతి.

ఇక అసలు చిక్కు. సరైన థర్మామీటర్, సరైన సమయం, అంకె 3 డిగ్రీలు, అయినా బట్టలు వాసన. ఇలా రాసినవాళ్లలో ఒకరు రిఫ్రిజరెంట్ గ్యాస్ ఎక్కించారు, ఒకరు హీటర్ పెంచారు, ఒకరైతే థర్మామీటరే మార్చేశారు. లింట్ ఫిల్టర్ (బట్టల నూగు పట్టే జల్లెడ) తీసి చూశానని మాత్రం ఒక్కరూ రాయలేదు.

మెషిన్‌లో గాలి ఎలా తిరుగుతుందో మళ్లీ గుర్తు చేసుకోండి. దాదాపు 60 డిగ్రీల వేడి గాలి డ్రమ్ములోకి వెళ్లి, బట్టల్లోని పెర్క్‌ని ఆవిరి చేసి మోసుకొస్తుంది. లింట్ ఫిల్టర్, ఫ్యాన్ దాటి చల్లటి కాయిల్‌కి తగులుతుంది. పెర్క్ ద్రవమై, నీటినీ సాల్వెంట్‌నీ వేరుచేసే సెపరేటర్‌లోకి కారుతుంది, గాలి మళ్లీ వేడెక్కి డ్రమ్ములోకి పోతుంది. బట్టల్లోంచి సాల్వెంట్‌ని తెచ్చే కూలీ ఆ గాలి ఒక్కటే. ఫిల్టర్‌కి నూగు పట్టిందనుకోండి, గాలి సగమే వస్తుంది. ఆ కాస్త గాలిని చల్లబరచడం కాయిల్‌కి ఓ లెక్క కాదు. కాబట్టి అంకె ఇంకా కిందికి దిగుతుంది, పట్టిక ఇంకా అందంగా కనిపిస్తుంది. బట్టల్లో పెర్క్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వచ్చిన గాలి ఎంత చల్లబడిందో థర్మామీటర్ చెబుతుంది, ఎంత గాలి వచ్చిందో దానికి తెలియదు. అంకె ఎక్కువగా ఉంటే మెషిన్‌లో లోపం ఉన్నట్టే. అంకె తక్కువగా ఉంటే మెషిన్ బాగున్నట్టు మాత్రం కాదు.

నూగు ఒక్కటే కారణం కాదు. ఫ్యాన్ బెల్టు జారుతున్నా ఇంతే. గాలి దారి తెరిచి మూసే డ్యాంపర్ సగంలో ఇరుక్కున్నా ఇంతే. ఫిల్టర్ చిరిగి చాన్నాళ్లుగా నూగంతా లోపలికి పోతుంటే అది కాయిల్ రెక్కల మధ్య దళసరిగా పేరుకుంటుంది, బయటికి కనిపించదు కాబట్టి అన్నిటికంటే మొండిది ఇదే. డ్రమ్ము కుక్కినా అంతే, బట్టలు దొర్లకుండా ముద్ద కడితే లోపలి పొరలకి గాలి చేరదు. మందపాటి ఉన్ని కోట్లూ పలుచని పట్టూ కలిపి వేస్తే పట్టు ముందే ఆరిపోయి నలుగుతూ ఉంటుంది, కోట్ల భుజాల దగ్గర మెత్తలు తడిగానే బయటికొస్తాయి.

హీటర్ పెంచితే గాలి పెరగదు. బట్టలు పాడవుతాయి, బటన్లు కరుగుతాయి.

మరి ఎలా తెలుసుకోవాలి? నేనైతే థర్మామీటర్ కంటే ముందు సెపరేటర్‌కి వెళ్లే పైపు మీది సైట్ గ్లాస్ (లోపలి ధార కనిపించే గాజు కిటికీ) చూస్తాను. గాలి బాగా ఆడే మెషిన్‌లో ఆరబెట్టడం మొదలైన కాసేపటికి ధార జోరందుకుంటుంది, తర్వాత సన్నబడి, చుక్కలై, ఆగిపోతుంది. గాలి ఆడని మెషిన్‌లో సన్నగా మొదలై సన్నగానే సాగుతుంది, టైమర్ అయిపోయినా చుక్కలు పడుతూనే ఉంటాయి. చుక్కలు పడుతుండగా తలుపు తెరిచారంటే ఆ పెర్క్ మీ గదిలోకే వస్తుంది. ఆవిరి గాలికంటే దాదాపు 5.7 రెట్లు బరువు, నేల దగ్గరే పేరుకుంటుంది. బట్టల్లో మిగిలింది ఇస్త్రీ బల్ల మీద స్టీమ్ తగలగానే లేచి, ఇస్త్రీ చేసేవాళ్ల ముఖానికే కొడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పెర్క్‌ని 2ఎ వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం బాగా ఉన్నవాటిలో చేర్చింది. మా మెషిన్‌కి కార్బన్ (ఆవిరిని పట్టే బొగ్గు ఫిల్టర్) ఉందిగా అనేవాళ్లకి ఒక్క మాట: కార్బన్ పట్టేది చివర్లో డ్రమ్ములో మిగిలిన ఆవిరిని. కోటు మెత్తలో ఇంకిన ద్రవం దాని చేతికి చిక్కదు.

ఫిల్టర్ ఎన్ని లోడ్లకోసారి దులపాలన్నది మెషిన్ పుస్తకంలో ఉంటుంది, దాన్ని కనీసం అనుకోండి. ఉన్ని బట్టలైతే నేను ప్రతి లోడుకీ తీస్తాను. ఆరిన ఫిల్టర్ సంచి ఇంకోటి పక్కన ఉంచుకుంటే మూత తెరిచిన క్షణంలో మార్చేయొచ్చు. దులిపిన నూగులోనూ సాల్వెంట్ ఉంటుంది, మూత బిగిసే డబ్బాలోనే వెయ్యండి. కాయిల్ శుభ్రం చేయడం రోజు చివర్లో, మెషిన్ చల్లారాక, గది తలుపులు తీసి, చేతికి గ్లౌజులు వేసుకుని. మెత్తటి బ్రష్షు, వాక్యూమ్ చాలు. కంప్రెసర్ గాలి కొట్టొద్దు, నూగు ఇంకా లోపలికి దిగుతుంది.

డోర్ గ్యాస్కెట్ తుడవడం, బటన్ ట్రాప్ మూత బిగించడం వంటివి మళ్లీ చెప్పను. లీకులు ముక్కుతో కనిపెడతానన్న ఆయనకి మాత్రం: రోజంతా అదే గదిలో ఉన్న ముక్కు వాసనకి అలవాటు పడిపోతుంది. హాలోజన్ లీక్ డిటెక్టర్ (పెర్క్ ఆవిరిని పసిగట్టే పరికరం) కొనండి, మెషిన్ నడుస్తుండగా ప్రతి అతుకు చుట్టూ నెమ్మదిగా తిప్పండి, అతుకు అడుగు వైపు మరిచిపోవద్దు.

పెర్క్‌ని అమెరికాలో డ్రై క్లీనింగ్ నుంచి పదేళ్లలో తీసేయాలని 2024 డిసెంబరులో నిబంధన వచ్చింది కదా, ఇదంతా ఇంకెందుకు అని ఒక ప్రశ్న. పెర్క్ బదులు పెట్రోలియం సాల్వెంట్ వాడే హైడ్రోకార్బన్ మెషిన్‌కి 7.2 అంకె వర్తించదు గానీ గాలి సంగతి వర్తిస్తుంది. ఆ సాల్వెంట్ పెర్క్ కంటే నెమ్మదిగా ఆరుతుంది, పైగా మండుతుంది.

అభ్యాసం. నెల రోజులు ప్రతి లోడూ తూకం వేసి రాయండి. నెల మొదటి రోజూ చివరి రోజూ పొద్దున్నే, మొదటి లోడుకి ముందు, ట్యాంకు మట్టం చూడండి. మధ్యలో పోసిన సాల్వెంట్ కలపండి. ఉదాహరణకి 600 కిలోల బట్టలకి 6 లీటర్లు తగ్గిందనుకుందాం. పెర్క్ లీటరు 1.62 కిలోలు, కాబట్టి పోయింది 9.72 కిలోలు, అంటే కిలో బట్టకి 16.2 గ్రాములు. యూరప్ నిబంధన కిలోకి 20 గ్రాములు దాటొద్దంటుంది. స్టిల్ మడ్డిలో, పారేసిన కార్ట్రిడ్జ్‌లలో (సాల్వెంట్‌ని వడగట్టే ఫిల్టర్లలో) పోయిందీ మీ లెక్కలోకి వస్తుంది, అందుకే కార్ట్రిడ్జ్‌ని దాని గూట్లోనే 24 గంటలు కారనిచ్చి తీయండి. లోడు తూకం, కూల్‌డౌన్ చివరి ఉష్ణోగ్రత, చుక్కలు ఆగిన సమయం, ఫిల్టర్ దులిపారా లేదా: నాలుగు గడులూ నింపి పంపండి. చుక్కల గడి ఖాళీగా ఉన్న పట్టికలు నేను చదవను.