బ్రౌజర్ తాత్కాలిక ఫైళ్లు తొలగించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

వెబ్‌సైట్ సరిగా తెరుచుకోవడం లేదని క్రోమ్‌లో తాత్కాలిక ఫైళ్లన్నీ తొలగించే ముందు, అదే సైటును ఇన్‌కాగ్నిటో విండోలో (ముందు దాచిన ఫైళ్లను వాడని ప్రైవేటు విండో) తెరిచి చూడండి. అక్కడ బాగా పనిచేస్తే పాత ఫైళ్లో, కుకీలో (సైటు మిమ్మల్ని గుర్తుపెట్టుకోవడానికి దాచే చిన్న ఫైళ్లు), ఎక్స్‌టెన్షనో (బ్రౌజర్‌కు జతచేసిన అదనపు ప్రోగ్రాం) కారణమై ఉండవచ్చు, అక్కడా మొరాయిస్తే తొలగించినా ఫలితం ఉండకపోవచ్చు.

విండోస్ కంప్యూటరులో కంట్రోల్, ఎఫ్5 మీటలు కలిపి నొక్కి పేజీని కొత్తగా రప్పించండి. చాలాసార్లు ఇదే సరిపోతుంది.

కాష్ (పేజీలు త్వరగా రావడానికి బ్రౌజర్ దాచుకున్న తాత్కాలిక ఫైళ్లు), కుకీలు ఒకటి కావని గుర్తుంచుకోండి. కాష్ పోతే పేజీలు మొదటిసారి కాస్త నెమ్మదిగా వస్తాయి, అంతే. కుకీలు పోతే మాత్రం చాలా సైట్లలో లాగిన్ తెగిపోతుంది, సగం నింపిన దరఖాస్తు పోవచ్చు, నమ్మిన పరికరంగా గుర్తించిన చోట కూడా మళ్లీ ఓటీపీ అడగవచ్చు. అందువల్ల పాస్‌వర్డులు మీ దగ్గర ఉన్నాయో లేదో, ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు ఇంకా వాడుకలో ఉందో లేదో ముందే చూసుకోండి. పాత నంబరుకు ఓటీపీ వెళ్తే ఖాతాలోకి తిరిగి చేరడం ఎంతో కష్టమవుతుంది కనుక, ఈ ఒక్క జాగ్రత్తను వాయిదా వేయవద్దని నా మనవి.

తొలగించేటప్పుడు కనిపించే జాబితాలో, సేవ్ చేసిన పాస్‌వర్డుల గడిలో టిక్కు ఉంటే తీసేయండి.

ఇబ్బంది ఒక్క సైటుతోనే అయితే, అడ్రసుకు ఎడమ పక్కనున్న గుర్తును నొక్కి ఆ సైటు డేటాను మాత్రమే తొలగించడం మేలు.