తుఫానుల నెలలొస్తున్నాయి, హార్డ్ డిస్క్ సంగతి చూశారా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి ఈ పేర్లు ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. దసరాకి అటూ ఇటూ గాలివాన వస్తుందని బియ్యం, కొవ్వొత్తులు, పవర్ బ్యాంకు అందరూ చూసుకుంటారు. సొరుగులో పడేసిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మాత్రం పని చేయడం మానేశాకే గుర్తొస్తుంది.

ఫోటో స్టూడియోల వాళ్లకి ఈ రోజులు మరీ గడ్డువి. శ్రావణంలో చేసిన పెళ్లిళ్ల ఆల్బమ్‌లు ఇంకా ఇచ్చి ఉండరు, కార్తీకానికి బుకింగులు మొదలైపోతాయి. డిస్క్ నిండా డెలివరీ కాని పెళ్లిళ్లే. ఇళ్లలోనైతే భూమి కాగితాల స్కాన్లు, పిల్లల సర్టిఫికెట్లు, ఇప్పుడు లేని పెద్దాయన పాడిన పాటల రికార్డింగు. ఇవన్నీ ఒకే డిస్క్‌లో ఉంటే దాన్ని బ్యాకప్ అనుకోకండి. రెండో కాపీ ఉంటేనే బ్యాకప్.

ముందు ఆ రెండో కాపీ సంగతి. ఎక్కడ పెట్టాలన్నది ఇక్కడ కాస్త ఆలోచించాలి. వైజాగ్‌లో ఉన్న తమ్ముడి ఇంట్లో పెట్టాను కదా అంటారు చాలామంది. హుద్‌హుద్ తీరం దాటింది విశాఖ దగ్గరే, దెబ్బ తిన్నది మూడు జిల్లాలూ. కాబట్టి ఒక కాపీ హైదరాబాదులో ఉన్న బంధువు దగ్గరో, క్లౌడ్‌లోనో ఉండాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో పెళ్లి వీడియోలు పట్టవు గానీ ఇంటి కాగితాలన్నీ పట్టేస్తాయి. గాలి మొదలయ్యాక నెట్ ఉండదు. ముందే ఎక్కించండి.

కాపీకి పట్టే టైమ్ కూడా లెక్కేసుకోండి. సెకనుకు 100 ఎంబీ వేగంతో వెళ్తే ఒక టీబీకి దాదాపు మూడు గంటలు. పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో పెడితే అదే పని ఎనిమిది గంటలు దాటుతుంది. చిన్న చిన్న ఫోటోలు వేలల్లో ఉంటే ఇంకా ఆలస్యం. తుఫాను రేపు తీరం దాటుతుందని టీవీలో చెప్పిన రాత్రి మొదలుపెడితే మధ్యలో కరెంటు పోతుంది. కాపీ అయ్యాక సైజు సరిపోయిందని వదిలేయకుండా నాలుగైదు వీడియోలు తెరిచి చూడండి. ఆ తర్వాతే కెమెరా కార్డులు ఫార్మాట్ చేయండి. డిస్క్‌కి బిట్‌లాకర్ (విండోస్ వేసే పాస్‌వర్డ్ తాళం) పెట్టుకున్నవాళ్లు రికవరీ కీ కాగితం మీద రాసి వేరే చోట పెట్టుకోవాలి. పాస్‌వర్డూ అదీ రెండూ లేకపోతే ఎంత మంచి ల్యాబైనా ఏమీ చేయలేదు.

డిస్క్ ఆరోగ్యం చూడటానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. నీలం రంగులో ‘గుడ్’ అని ఉంటే ప్రస్తుతానికి ఫరవాలేదు. పసుపు రంగులో ‘కాషన్’ అని వచ్చి, ‘కరెంట్ పెండింగ్ సెక్టర్’ వరసలో సున్నా కాకుండా ఇంకేదైనా అంకె ఉంటే, డిస్క్ కొన్ని చోట్ల చదవలేక ఇబ్బంది పడుతోందని అర్థం. అప్పుడు సినిమాలూ పాటలూ పక్కన పెట్టి, పోతే మళ్లీ దొరకనివి ముందు కాపీ చేసేయండి. అలాగని ‘గుడ్’ అన్న మాటను పూర్తిగా నమ్మకండి. మొన్నటిదాకా గుడ్ అన్న డిస్క్ కూడా ఒక్కసారిగా ఆగిపోతుంది.

గాలివాన రోజుల్లో డిస్క్ పాడయ్యేది ఎక్కువగా కరెంటు వల్ల, కింద పడటం వల్ల, తడి వల్ల. యూఎస్‌బీ వైరు ఒక్కటే ఉండే చిన్న పోర్టబుల్ డిస్క్‌కి ల్యాప్‌టాప్ నుంచే 5 వోల్టులు అందుతాయి. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు పోయినా అది గభాలున ఆగదు. అడాప్టర్‌తో నడిచే పెద్ద డిస్క్‌తోనే చిక్కు. దానికి 12 వోల్టులు గోడ ప్లగ్గు నుంచి వస్తాయి. కరెంటు వస్తూ పోతూ ఉన్నప్పుడు దాని ప్లగ్గు పీకేయాల్సిందే, స్విచ్ ఆపితే చాలదు. ఊళ్లో జనరేటర్ పెట్టి సెల్‌ఫోన్లు చార్జింగ్ చేస్తున్న చోట ఇలాంటి డిస్క్ అస్సలు పెట్టొద్దు. చీకట్లో పిన్ను సరిపోయింది కదా అని ల్యాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టర్ గుచ్చేవాళ్లూ ఉన్నారు. అదృష్టం బాగుంటే సర్క్యూట్ బోర్డు మీద రక్షణ కోసం పెట్టిన డయోడ్ మాత్రమే కాలుతుంది, తెలిసిన మెకానిక్ దాన్ని సరిచేయగలడు. లేదంటే బోర్డే పోతుంది.

వాడని డిస్క్‌ని జిప్ కవర్లో పెట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, బీరువా మధ్య అరలో పెట్టండి. నేల మీద వద్దు, నీళ్లొస్తాయి. అటక మీదా వద్దు, దించేటప్పుడు చేయి జారుతుంది. తిరుగుతున్న డిస్క్‌ని ల్యాప్‌టాప్‌తో సహా ఇంకో గదిలోకి మోసుకెళ్లడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. లోపలి పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటే, దాన్ని చదివే హెడ్ దానికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మన తల వెంట్రుక మందమే పదుల వేల నానోమీటర్లు ఉంటుంది. ఆ సందులో దుమ్ము పడినా ప్రమాదమే, ఇంట్లో మూత విప్పి చూడకూడదని అనేది కూడా ఇందుకే.

ఇంత చేసినా ఒకరోజు డిస్క్ ఆగిపోవచ్చు. అసలు నష్టం ఎక్కువగా ఆ తర్వాతి అరగంటలో జరుగుతుంది. “గురూ, ఇంకోసారి పెట్టి చూడు, వస్తాదేమో” అని పక్కనున్నవాళ్లు అంటూనే ఉంటారు. ముందు చెవి పెట్టి వినండి. టక్ టక్ మని ఒకే లయలో కొట్టుకుంటుంటే హెడ్లు దెబ్బతిని ఉంటాయి. సన్నగా బీప్ మంటూ తిరగకపోతే హెడ్ పళ్లేనికి అతుక్కుని ఉండొచ్చు, లేదా మోటారు పట్టేసి ఉండొచ్చు. ఈ రెండిట్లో ఏది వినిపించినా వైరు పీకేయండి, మళ్లీ పెట్టకండి. పళ్లెం తిరిగిన ప్రతిసారీ విరిగిన హెడ్ దాని మీది పూతను గీకేస్తుంది. గీకిన చోట ఉన్న డేటా ఏ ల్యాబుకీ దొరకదు.

వింత శబ్దమేదీ లేకుండా, కంప్యూటర్లో కనబడకపోతే కాస్త ఆశ ఉంది. ఇంకో వైరు, ఇంకో పోర్టు, డెస్క్‌టాప్ అయితే వెనక పోర్టు, ఒకసారి చూడండి. పోర్టబుల్ డిస్క్‌ల వెడల్పాటి వైరు వదులైపోవడం చాలా మామూలు. ‘ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయండి’ అని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. ‘స్కాన్ అండ్ ఫిక్స్’ అన్నా ఒప్పుకోకండి. అప్పుడు నడిచే చెక్‌డిస్క్ ప్రోగ్రాం చూసేది ఫైల్ సిస్టం, అంటే ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పట్టిక, బాగుపడిందా లేదా అన్నదే. ఆ సర్దుబాటులో మీ ఫైళ్లు ముక్కలైపోవచ్చు.

మీకు లినక్స్ కాస్త తెలిస్తే సరైన దారి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం. అది పాడైన డిస్క్ నుంచి సెక్టర్ సెక్టర్‌గా ఇంకో డిస్క్‌లోకి నకలు తీస్తుంది. సులువుగా చదవగలిగినవి ముందు లాగేసి, మొరాయించే చోట్లకు చివర్లో వస్తుంది. ఎంతవరకూ చేసిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే మొదలుపెట్టొచ్చు. మన ఊళ్లకి ఇంతకన్నా ఏం కావాలి! ఆ తర్వాత పోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రాం, టెస్ట్‌డిస్క్ అయినా ఫోటోరెక్ అయినా, ఆ నకలు మీదే నడపాలి, అసలు డిస్క్ జోలికి పోకూడదు. దొరికిన ఫైళ్లను అదే డిస్క్‌లో దాచడం ఇంకా పెద్ద పొరపాటు. ఫోటోరెక్ ఫోటోలు తెస్తుంది గానీ పేర్లూ ఫోల్డర్లూ తేదు. నాలుగు పెళ్లిళ్ల ఫోటోలు కలిసిపోయి అంకెల పేర్లతో వస్తాయి. విడదీయడానికి ఓపిక ఉండాలి.

ఫ్రిజ్‌లో పెడితే పని చేస్తుందని యూట్యూబ్‌లో చెప్పేది వినకండి. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది. నాగావళి, వంశధార నీళ్లు ఇంట్లోకొచ్చి డిస్క్ తడిస్తే ఎండలో పెట్టడం, బియ్యంలో పెట్టడం, హెయిర్ డ్రైయర్ పట్టడం ఏదీ వద్దు. చాలా డిస్క్‌లకి గాలి ఆడే సన్నని రంధ్రం ఉంటుంది, అందులోంచి బురద నీరు లోపలికి పోయి ఉంటుంది. ఆరితే ఆ బురద పళ్లెం మీద గట్టిపడి అంటుకుపోతుంది. కరెంటు ఇవ్వకుండా తడి గుడ్డలో చుట్టి, గాలి చొరని కవర్లో పెట్టి, అలాగే ల్యాబుకి చేర్చండి. వింతగా అనిపించినా చేయాల్సింది ఇదే.

ఫార్మాట్ అయిపోయినవి, డిలీట్ అయినవి మన పట్నంలోని మంచి కంప్యూటర్ షాపులో కూడా తీయగలరు. శబ్దం చేసే డిస్క్‌ని మాత్రం విప్పనివ్వకండి. హెడ్లు మార్చాలంటే దుమ్ము లేని గది కావాలి, అలాంటి ల్యాబులు ఎక్కువగా హైదరాబాదు లాంటి పెద్ద నగరాల్లోనే ఉంటాయి. వెతికేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: ముందు నకలు తీస్తారా, డేటా రాకపోతే డబ్బు తీసుకుంటారా? బోర్డు మారిస్తే సరిపోతుందని ఫోన్లోనే తేల్చేసేవాళ్ల దగ్గర జాగ్రత్త. ఇప్పటి డిస్క్‌లకి బోర్డు మార్చినా పాత బోర్డు మీది చిన్న మెమరీ చిప్‌ని కొత్తదానికి మార్చకపోతే సాధారణంగా నడవవు. కొన్ని కంపెనీల పోర్టబుల్ డిస్క్‌లలో యూఎస్‌బీ పోర్టు నేరుగా బోర్డుకే అతికి ఉంటుంది, డేటా కూడా ఆ బోర్డుతోనే ఎన్‌క్రిప్ట్ అయి (తాళం పడి) ఉంటుంది. పై డబ్బా విప్పి డిస్క్‌ని ఇంకో కేసులో వేస్తే ఏమీ రాదు.

పంపేటప్పుడు నాలుగు వైపులా మందంగా బబుల్ కవర్ చుట్టి, పెట్టెలో కదలకుండా సర్దండి. వీలైతే ఆమదాలవలసలో రైలెక్కి మీరే పట్టుకెళ్లండి, పార్సిల్‌లో విసిరేవాళ్ల చేతిలో పెట్టడం కన్నా నయం. ఏ ఫోల్డర్లు ముఖ్యమో కాగితం మీద రాసివ్వండి. దొరికిన ఫైళ్ల జాబితా చూసి, కొన్ని తెరిచి చూశాకే డబ్బు కట్టండి. వారంటీ ఉంది కదా అని డిస్క్‌ని ముందే కంపెనీకి ఇచ్చేస్తే కొత్త డిస్క్ ఇస్తారు, ఖాళీది. పాతది మళ్లీ మీ చేతికి రాదు.