కయాక్‌కి చెక్క సీటు, తిమ్మిర్లు పోయినాయి

ఇంట్లో ప్లైవుడ్‌తో చేసుకున్న కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) నాది, మైపాడు దారిలో బకింగ్‌హామ్ కాలవలో తిప్పతా ఉంటా. అరగంటకే కాళ్ళు మొద్దుబారిపోయేవి. దిండు వేసుకోమన్నారు అందరూ, కానీ కూర్చునే ఎత్తు ఒక్క అంగుళం పెరిగినా పడవ ఊగుడు తెలిసిపోద్ది, పైగా దిండు నీళ్ళు పీల్చుకుంటది.

పాత టేకు తలుపు ఒకటి దొరికితే (కొత్త టేకు రేటు వినలేం లెండి) సన్న బద్దలుగా కోయించా. కింద రెండు అడ్డచెక్కలు, వాటి పైఅంచు గుంటగా కోసి బద్దలు వరసగా కొట్టి మధ్యలో నీళ్ళు జారడానికి సందు వదిలా. ముందు అడ్డచెక్క కాస్త ఎత్తు, తొడల కిందకొచ్చే అంచు చిత్రిక పట్టి గుండ్రంగా చేశా, అసలు మందు ఇదే, ఆ అంచు కోసుకుంటా ఉంటేనే తిమ్మిరి.

పడవ అడుగుకి మాత్రం స్క్రూ కొట్టొద్దు, లీకుని పిలిచి తెచ్చుకున్నట్టే. ఎపాక్సీలో (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) మెత్తటి రంపప్పొట్టు కలిపి చెక్క దిమ్మెలు అతికించి, సీటుని వాటికి బిగించా. టేకులో నూనె ఉంటది, అతికించేచోట ముందు అసిటోన్‌తో తుడవాలి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 316 గ్రేడువి అయితే మేలు, ఉప్పునీళ్ళకి ఇనుపవి ఆగవు.

దిమ్మెలు అతికించకముందే సీటు ఊరికే పెట్టుకుని నీళ్ళల్లో కూర్చున్నా, గట్టుమీద మా బామ్మర్ది "ఇంకొంచెం ఎనక్కి జరుగు బావా, పడవ ముక్కు మునగతా ఉండాది" అని అరుస్తా ఉంటే జరిగి జరిగి, రెండు కొసలూ సమానంగా తేలినచోట పెన్సిల్ గీత పెట్టుకున్నా. వీపుకి పాత స్కూల్‌బ్యాగు పట్టీలు వేశా, అవింకా సరిగ్గా కుదర్లే.