ఇంగ్లీషు వెర్బు దొరకాలంటే ‘చెయ్యి’ కొట్టేయండి

పర్లాకిమిడిలో మా వీధి పిల్లలకు సాయంత్రాలు ట్యూషన్ చెబుతాను. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. వెర్బు, నౌను, అడ్జెక్టివు అని మూడు గళ్ల పట్టిక ప్రతి గైడులోనూ ఉంటుంది. నేను దాన్ని బట్టీ పట్టించను. తెల్లారేసరికి సగం ఎగిరిపోతుంది.

నౌను నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి. మన నోట్లో ఆడే ఇంగ్లీషు మాటల్లో చాలావరకు నౌన్లే. ‘అడ్మిషన్ అయింది’, ‘పేమెంట్ చేశాను’, ‘డెసిషన్ తీసుకో’, ‘వెరిఫికేషన్‌కి రమ్మన్నారు’. ఒడియావాళ్లూ ‘ఆడ్‌మిసన్ హెలా’ అంటారు. ఇలాంటి మాటలు పిల్లల చేతే ఒక పేజీ రాయించి, ‘చేశాను’, ‘అయింది’, ‘తీసుకో’ కొట్టేయించండి. మిగిలినదాంట్లోంచి వెర్బు తీయాలి. ఈ పని చేయించకపోతే ‘ఐ పేమెంటెడ్ ద ఫీజ్’ అని నిస్సంకోచంగా రాసేస్తారు.

పేమెంట్, ట్రీట్‌మెంట్, అపాయింట్‌మెంట్‌లకు తోక తీసేస్తే చాలు, వెర్బు వచ్చేస్తుంది.

‘షన్’ దగ్గర మాత్రం కూర్చోవాలి. చెవికి దాదాపు ఒకేలా ఉంటుంది, స్పెల్లింగులో టి రాయాలా ఎస్ రాయాలా అన్నదే టెన్షన్. వెర్బు చివర ‘డ్’ వినిపిస్తే మామూలుగా ఎస్: డిసైడ్–డెసిషన్, డివైడ్–డివిజన్, ఎక్స్‌టెండ్–ఎక్స్‌టెన్షన్. ‘మిట్’ ఉంటే రెండు ఎస్‌లు: అడ్మిట్, పర్మిట్, సబ్‌మిట్‌ల నుంచి అడ్మిషన్, పర్మిషన్, సబ్‌మిషన్. ‘ఫై’ ఉంటే ‘ఫికేషన్’: వెరిఫై, నోటిఫై. మొండివాళ్లూ ఉన్నారు. శాటిస్‌ఫై నుంచి శాటిస్‌ఫాక్షన్ వస్తుంది. అటెండ్‌లో డ్ ఉన్నా అటెన్షన్‌కి టీయే. వీటిని గోడమీద రాసి పెట్టడమే, వేరే దారి లేదు.

అడ్జెక్టివు కోసం మళ్లీ వెర్బు దాకా పోనక్కర్లేదు. నౌను చివరి ఐ-ఓ-ఎన్ తీసి ఐ-వి-ఇ పెట్టి చూడండి: సెలెక్షన్–సెలెక్టివ్, కలెక్షన్–కలెక్టివ్. డెసిషన్ స్పెల్లింగూ అలాగే మారుతుంది, పలికేటప్పుడు మాత్రం డిసైసివ్. అన్నిటికీ ఇది పనిచేయదు. పేమెంట్ ఉన్న పే నుంచి వచ్చేది పేయబుల్.

ఇంగ్, ఈడీల తేడా అందరికీ తగిలే గొయ్యి. విసుగు పుట్టించేది బోరింగ్, విసుగు పుట్టినవాడు బోర్డ్. ‘ఐ యామ్ బోరింగ్’ అంటే నావల్ల మీకు విసుగని ఒప్పుకున్నట్టే. (బోరింగంటే మా గుంటలకు ముందు గుర్తొచ్చేది వీధిలో నీళ్లు కొట్టేది. ఆ నవ్వు తగ్గాకే పాఠం.)

వాక్యంలో ఏది పెట్టాలో ముందున్న మాటే చెబుతుంది. కెన్, విల్ తర్వాత వెర్బు. ద, మై, హిజ్ వస్తే వాటి తర్వాత ఎక్కడో ఒకచోట మామూలుగా నౌను ఉంటుంది.

చివరగా ఒకే సంగతిని రెండు రకాలుగా రాయించండి. నౌపడా నుంచి మా ఊరొచ్చే రైలు లైనుంది కదా, దాన్ని 1931లో గుణుపురం దాకా పొడిగించారు. ‘దే ఎక్స్‌టెండెడ్ ద లైన్ టు గుణుపూర్’ అన్నది వెర్బుతో. ‘ది ఎక్స్‌టెన్షన్ ఆఫ్ ద లైన్ టు గుణుపూర్’ అని మొదలెడితే నౌను. అప్పుడు ‘వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1931’ అని వేరే వెర్బు తెచ్చుకోవాలి. అడ్జెక్టివుతో కూడా రాస్తామంటే ఎక్స్‌టెన్సివ్ వద్దు, అది విస్తారమైన అని అవుతుంది. పొడిగించిన లైను ఎక్స్‌టెండెడ్ లైనే.