‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ మీద వ్యాసం రాయాలంటే

1960లో వెలువడిన హార్పర్ లీ నవల ఇది. దీని మీద ‘పసితనం కోల్పోవడం, జాతి వివక్ష’ అని ప్రశ్న వస్తే చాలామంది సగం పిల్లల గురించి, సగం టామ్ రాబిన్సన్ కేసు (మయెల్లా అనే తెల్ల యువతిపై అత్యాచారం చేశాడని ఒక నల్లజాతి యువకుడి మీద పెట్టిన తప్పుడు కేసు) గురించి రాసేస్తారు. రెండూ అతకవు, మార్కులు పోయేది అక్కడే. వివక్షను కళ్లారా చూడటం వల్లే పిల్లల పసితనం పోతోంది. వ్యాసం మొత్తం ఆ ‘వల్ల’ మీద నిలబడాలి.

వెయ్యి పదాలకు మూడు ఘట్టాలు చాలు. పిల్లలు (కథ చెప్పే స్కౌట్, ఆమె అన్న జెమ్, వాళ్ల స్నేహితుడు డిల్) ఎక్కడెక్కడ ఏడుస్తారో వెతకండి, ఘట్టాలు వాటంతటవే దొరుకుతాయి. 7వ అధ్యాయంలో పిల్లలకు చిన్న చిన్న కానుకలు దొరికే చెట్టు తొర్రను పొరుగింటి నేథన్ రాడ్లీ సిమెంటుతో పూడ్చి, చెట్టుకు జబ్బు చేసిందంటాడు. చెట్టేమో పచ్చగా ఉంది. జెమ్ చీకటి పడేదాకా వసారాలోనే నిలబడి లోపలికి వస్తాడు, ముఖం మీద ఏడ్చిన మరకలు. ఇందులో జాతి మాటే లేదు, పెద్దవాళ్లు అబద్ధమాడతారన్న తొలి పాఠం మాత్రమే. దీనికి 150 పదాలు మించొద్దు.

19వ అధ్యాయానికి మాత్రం 350 ఇవ్వండి. ప్రభుత్వ వకీలు గిల్మర్ పాతికేళ్ల టామ్‌ను ‘బాయ్’ అంటూ వెటకారంగా ప్రశ్నిస్తుంటే డిల్ ఏడుపు ఆపుకోలేడు. అతన్ని బయటికి తీసుకెళ్లిన స్కౌట్, ఎంతైనా టామ్ నల్లవాడే కదా అంటుంది. ఇది వదలకండి. కథానాయికే ఊరి మాటను తెలియకుండా పలికింది. వివక్ష ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే ఎలా అంటుకుంటుందో చూపడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. మూడోది 22వ అధ్యాయం: తీర్పు తర్వాత జెమ్ కన్నీళ్లు.

జెమ్ అంతగా ఎందుకు కుంగాడో చెప్పాలంటే సాక్ష్యం వివరం కావాలి. మయెల్లా ముఖానికి కుడివైపు దెబ్బలు, అంటే కొట్టింది ఎడమచేత్తో అయ్యుండాలి. టామ్ ఎడమచెయ్యి చిన్నప్పుడే పత్తి జిన్నింగ్ మిషన్‌లో పడి పనికిరాకుండా పోయింది. ఆమె తండ్రి బాబ్ యూవెల్‌ది ఎడమచేతి వాటం. లెక్క ఇంత తేటగా ఉన్నా జ్యూరీ దోషి అంది. సాక్ష్యం గెలుస్తుందన్న నమ్మకమే జెమ్ పోగొట్టుకున్నది.

తరచూ జరిగే పొరపాట్లు కొన్ని. కథ చెబుతున్నది పెద్దయిన స్కౌట్, చూస్తున్నది మొదట్లో ఆరేళ్లు కూడా నిండని స్కౌట్. ‘స్కౌట్ అనుకుంటుంది’ అని రాసేముందు ఏ స్కౌటో తేల్చుకోండి. 1962 సినిమా చూసి రాస్తే దొరికిపోతారు, అందులో పిల్లల మేనత్త అలెగ్జాండ్రాయే లేదు. మనకు కులం గుర్తుకు రావడం సహజమే, కానీ అమెరికాలోని అలబామాలో జరిగే కథ మీద వ్యాసంలో దానికి ఒక్క వాక్యం చాలు. నవలలోని జాతి తిట్టు మాటలను ఉటంకింపులో తప్ప మీ వాక్యాల్లో వాడొద్దు.

ముగింపులో మాకింగ్‌బర్డ్ (ఎవరికీ హాని చేయని పాటల పిట్ట) ప్రతీకను మళ్లీ వివరించడం అరిగిపోయిన పద్ధతి. టామ్‌కు ముగ్గురు పిల్లలున్నారు. వాళ్ల పసితనం ఎప్పుడు, ఎలా పోయిందో ఈ నవల చెప్పదు. చివరి పేరా ఆ మౌనం మీద రాయండి.