సిబిల్ స్కోరు దెబ్బతిన్నాక హోమ్ లోన్: ఏది నిజంగా చవకో లెక్కేసుకోవడం ఎలా?

ఇల్లు కొందామని బయల్దేరిన వాళ్ల నోట మొదట వచ్చే మాట ఒకటే: "అన్నా, ఈఎంఐ ఎంత పడుతది?" కూకట్‌పల్లి అయినా ఉప్పల్ అయినా ఇదే ప్రశ్న. దీనికి లోన్ ఏజెంటు అర నిమిషంలో జవాబు చెప్పేస్తాడు. సిబిల్ స్కోరు, అంటే అప్పులు ఎంత సక్రమంగా తీరుస్తున్నామో చెప్పే అంకె, 650 దగ్గరో అంతకన్నా కిందో ఉన్నవాళ్లు అడగాల్సింది మాత్రం వేరు. ఈ అప్పు తీరేనాటికి నా చేతి నుంచి మొత్తం ఎంత పోతుంది? ఇప్పుడే తీసుకోవాలా, కొన్ని నెలలు ఆగితే మేలా?

ఈ సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. ఉద్యోగం మారిన హడావిడిలో ఒక క్రెడిట్ కార్డు బిల్లు కట్టకుండా వదిలేశాను. వసూలుకు వచ్చినాయన "సగం కట్టండి సార్, క్లోజ్ చేసేస్తాం" అన్నారు. కట్టేసి మర్చిపోయాను. నాలుగేళ్ల తర్వాత హోమ్ లోన్‌కు వెళితే ఆ ఖాతా పక్కన "సెటిల్డ్" (కొంతే కట్టి రాజీ చేసుకున్నారు) అని ఉంది, "క్లోజ్డ్" (పూర్తిగా తీర్చేశారు) అని లేదు. ఆ ఒక్క మాట మీద రెండు చోట్ల నా ఫైలు వెనక్కి వచ్చింది.

ముందు రిపోర్టు, ఆ తర్వాతే ఫ్లాట్

మన దేశంలో క్రెడిట్ రిపోర్టులిచ్చే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఒక్కొక్కటీ ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తెప్పించుకోండి, ఎందుకంటే ఒకదాంట్లో లేని తప్పు ఇంకోదాంట్లో ఉండొచ్చు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. తగ్గేది ఒకే నెలలో ఐదారు బ్యాంకుల్లో అప్లికేషన్లు పెట్టినప్పుడు.

స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. 750 దాటితే బ్యాంకులు మంచి రేటు ఇస్తాయి. కానీ అంకె కన్నా లోపలి వివరాలు ముఖ్యం. మీది కాని లోన్ మీ పేరు మీద ఉందేమో చూడండి. తీర్చేసిన బైక్ లోన్ ఇంకా నడుస్తున్నట్టు చూపిస్తున్నదేమో చూడండి. స్నేహితుడికో బావమరిదికో షూరిటీ సంతకం పెట్టి ఉంటే అదీ కనిపిస్తుంది, వాళ్లు ఎగ్గొడితే ఆ దెబ్బ మీ రిపోర్టు మీదే పడుతుంది. మొహమాటానికి పెట్టిన సంతకాల వల్ల ఇల్లు ఆగిపోయిన కుటుంబాలు నాకు తెలుసు.

తప్పు ఉంటే ఆ క్రెడిట్ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు పెట్టాలి. 30 రోజుల్లో తేల్చాలన్నది ఆర్బీఐ నియమం. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. తప్పు కాదు, నిజంగానే "సెటిల్డ్" అయి ఉంటే దారి ఒక్కటే: అప్పట్లో మాఫీ చేసిన మిగతా సొమ్ము ఎంతో బ్యాంకును అడిగి, కట్టి, బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, ఖాతాను "క్లోజ్డ్"గా మార్చమని రాతపూర్వకంగా కోరడం. నేనూ అదే చేశాను. డబ్బు కడితే స్కోరు పెంచేస్తామని కరెంటు స్తంభాల మీద కాగితాలు అంటించే వాళ్ల దగ్గరికి వెళ్లకండి. నిజమైన బకాయిని రిపోర్టులోంచి తీసేయించే శక్తి ఎవరికీ లేదు.

ఆగడం ఖరీదా, తొందరపడటం ఖరీదా?

50 లక్షల ఫ్లాట్ అనుకుందాం. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదన్నది ఆర్బీఐ పరిమితి. అంటే 40 లక్షలు లోన్, 10 లక్షలు మీ చేతి నుంచి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి సుమారు 7.5 శాతం, అంటే ఇంకో 3.75 లక్షలు. ఇవి లోన్‌లో కలవవు.

స్కోరు బాగుంటే తక్కువ రేటు, దెబ్బతింటే ఎక్కువ రేటు. ఇప్పుడు ఆ 40 లక్షలు 20 ఏళ్లకు తీసుకుంటే:

8.5 శాతం వడ్డీకి ఈఎంఐ 34,713 రూపాయలు, మొత్తం కట్టేది సుమారు 83.3 లక్షలు.
10.5 శాతానికి ఈఎంఐ 39,935 రూపాయలు, మొత్తం సుమారు 95.8 లక్షలు.
12 శాతానికి ఈఎంఐ 44,043 రూపాయలు, మొత్తం సుమారు 1.06 కోట్లు.

రెండు శాతం తేడా అంటే వినడానికి చిన్నగానే ఉంటుంది. రూపాయల్లో అది పన్నెండున్నర లక్షలు. అదే మీరు తొమ్మిది నెలలు ఆగి, బకాయిలు తీర్చి, స్కోరు సరిచేసుకుని వెళ్తే? నెలకు 20,000 అద్దె అనుకున్నా ఆ తొమ్మిది నెలలకు 1.8 లక్షలు. ఈలోపు ఫ్లాట్ ధర పెరగొచ్చు, ఆ భయం న్యాయమైనదే. కానీ పన్నెండున్నర లక్షలు పెరగాలంటే 50 లక్షల ఫ్లాట్ నాలుగో వంతు పెరగాలి. ఏజెంటు ఈ లెక్క మీ ముందు వేయడు, మీరే కాగితం మీద వేసుకోండి.

ఈఎంఐ భారంగా ఉందంటే "30 ఏళ్లు పెట్టుకోండి" అంటారు. 8.5 శాతానికే 30 ఏళ్లయితే ఈఎంఐ 30,757 రూపాయలు. నెలకు నాలుగు వేలు తగ్గింది. మొత్తంలో మాత్రం 27 లక్షలకు పైగా పెరిగింది. ఈఎంఐని చూసి లోన్ ఎంచుకోవద్దని నేను మొత్తుకునేది ఇందుకే.

ఆగే ఆ నెలల్లో చేయాల్సినవి కష్టమైనవేం కావు. ప్రతి ఈఎంఐ, ప్రతి కార్డు బిల్లు గడువులోపు కట్టాలి. కార్డు లిమిట్‌లో 30 శాతం లోపే వాడుకోవాలి. కార్డు ఎవరూ ఇవ్వకపోతే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు తీసుకుని, చిన్న మొత్తాలు వాడి పూర్తిగా కట్టేస్తూ ఉంటే చాలు. బ్యాంకులు మన వివరాలను క్రెడిట్ సంస్థలకు కనీసం 15 రోజులకోసారి పంపాలన్న నియమం 2025 జనవరిలో వచ్చింది, కాబట్టి మార్పు రిపోర్టులో తొందరగానే కనిపిస్తుంది.

ఆగలేకపోతే

ముందు ఇంట్లో చూడండి. మీ ఆవిడకు జీతం ఉండి, స్కోరు బాగుంటే, ఫ్లాట్ ఆమె ఒక్కరి పేరు మీద కొని, లోన్ ఆమె పేరు మీదే తీసుకునే వీలుందేమో అడగండి. ఇద్దరి పేరు మీద రిజిస్టర్ చేస్తే బ్యాంకులు సాధారణంగా ఇద్దరినీ లోన్‌లో ఉండమంటాయి. అప్పుడు మీ స్కోరు కూడా లెక్కలోకి వస్తుంది.

అదీ కుదరకపోతే హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలున్నాయి. తక్కువ స్కోరున్నా కొన్ని ఇస్తాయి, రేటు ఎక్కువ. ఇక్కడ ఒక తేడా తెలియాలి. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) హోమ్ లోన్లు రెపో (బ్యాంకులకు ఆర్బీఐ ఇచ్చే అప్పు మీద వడ్డీ) లాంటి బయటి రేటుకు ముడిపడి ఉంటాయి. రెపో తగ్గితే మీ వడ్డీ తగ్గుతుంది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ నిబంధన లేదు, వాటి సొంత రేటు ప్రకారం నడుస్తాయి.

అయినా అందులో చేరాల్సి వస్తే, బయటికి వచ్చే దారి మొదటి రోజే చూసుకోండి. వ్యక్తులు ఇంటికోసం తీసుకున్న ఫ్లోటింగ్ లోన్‌ను ముందే తీర్చినా, వేరే బ్యాంకుకు మార్చుకున్నా పెనాల్టీ వేయకూడదు. ఫిక్స్‌డ్ రేటు లోన్ అయితే ఆ రక్షణ ఉంటుందని అనుకోవద్దు, అడిగి రాయించుకోండి. ఎందుకింత చెబుతున్నానంటే, 10.5 శాతం మీద రెండేళ్లలో మీరు కట్టేది 9.58 లక్షలు, అసలులో తగ్గేది సుమారు 1.31 లక్షలే. మిగతాదంతా వడ్డీ. కాబట్టి స్కోరు బాగుపడిన నెలలోనే మారిపోవాలి, ఐదేళ్లకు కాదు.

చేతి డబ్బు చాలక బయట "నూటికి రెండు రూపాయలు" వడ్డీకి తెచ్చే వాళ్లున్నారు. అది నెలకు రెండు శాతం, ఏడాదికి 24 శాతం. ఐదు లక్షలు తెస్తే నెలకు పదివేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి. అంతకన్నా చిన్న ఫ్లాట్, లేదా ఇంకో ఏడాది అద్దె ఎంతో నయం.

రెండు ఆఫర్లు పక్కపక్కన

2024 అక్టోబరు నుంచి ప్రతి రిటైల్ లోన్‌కూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే లోన్ ముఖ్య వివరాల కాగితం, ఇవ్వడం తప్పనిసరి. అందులో ఏపీఆర్ అనే అంకె ఉంటుంది. వడ్డీతో పాటు ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, వాల్యుయేషన్ లాంటి ఖర్చులన్నీ కలిపితే ఏడాదికి పడే అసలు రేటు అది. ఫ్లెక్సీ మీద రాసిన రేటును కాదు, ఏపీఆర్‌ను పోల్చండి. ఆ కాగితం ఇచ్చాక అందులోని షరతులు కనీసం మూడు పనిదినాలు చెల్లుతాయి. ఇంటికి తీసుకెళ్లి చదవండి. "ఈ రోజే సంతకం పెట్టాలి" అని ఎవరైనా తొందర పెడితే లేచి వచ్చేయండి.

ప్రత్యేకంగా చూడాల్సింది ఇన్సూరెన్స్. లోన్ ఇవ్వాలంటే మా పాలసీ తీసుకోవాల్సిందే అనే మాట నిజం కాదు. 1.5 లక్షల ప్రీమియం లోన్‌లో కలిపేస్తే, 8.5 శాతం మీద 20 ఏళ్లకు అది 3.12 లక్షలవుతుంది. కుటుంబానికి రక్షణ కావాలి, నిజమే, అది విడిగా టర్మ్ పాలసీగా తీసుకోండి.

ఇంటి కాగితాలు సరిగా లేకపోయినా రేటు పెరగొచ్చు. అనుమతి లేని లేఅవుట్ అయితే చాలా బ్యాంకులు ఫైలే ముట్టుకోవు. ఈసీ (ఆస్తి మీద ఉన్న అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల పత్రాలు), హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) లేదా మున్సిపల్ కార్పొరేషన్ అనుమతి, కొత్త ప్రాజెక్టయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, ఇవన్నీ టోకెన్ అడ్వాన్సు ఇవ్వకముందే లాయరుకు చూపించండి.

ఏదైనా బ్యాంకు మీ ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే, ఫిర్యాదులు తేల్చే ఆర్బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నారు, 14448కు ఫోన్ చేస్తే ఎలా ఫిర్యాదు చేయాలో చెబుతారు. క్రెడిట్ రిపోర్టు సంస్థల మీద ఫిర్యాదులు కూడా తీసుకుంటారు. ఇక లోన్ మొత్తం తీరిన రోజు నుంచి 30 రోజుల్లో మీ ఒరిజినల్ డాక్యుమెంట్లు చేతికి రావాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకు కట్టాలి. లోన్ ఇచ్చేటప్పుడు తీసుకున్న కాగితాలన్నిటి జాబితా మీద బ్యాంకు ముద్ర వేయించుకుని ఇంట్లో దాచుకోండి. ఇరవై ఏళ్ల తర్వాత ఏవేవి ఇచ్చారో చూపించడానికి మీ దగ్గర ఉండేది ఆ జాబితానే.